అన్నిటికీ ఒకే తీగ

ఒకప్పుడు కంపెనీల్లో టెలిఫోనుకొక తీగ, కంప్యూటరుకొక తీగ ఉండేవి. ఇప్పుడు మాట, బొమ్మ, లెక్క అన్నీ ఒకే తీగమీద పోతున్నాయి. ఖర్చు కలిసివచ్చే మాట నిజమే. కాని ఈమెయిలు ఒక క్షణం ఆలస్యమైతే ఎవరికీ పట్టదు. మాట ఆలస్యమైతే సంభాషణే చెడుతుంది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటనంతవరకు చెవికి ఇబ్బంది తెలియదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం లెక్క.

పాత టెలిఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీలనుంచే వచ్చేది. ఆఫీసులో దీపాలారినా మోగేది. కొత్త ఫోను, వెనక బ్యాటరీ లేకపోతే, కరెంటుతోపాటే మూగబోతుంది. ఆస్పత్రిలో డాక్టరును పిలిచే ఫోనే అలా ఆగితే?

కాబట్టి యంత్రాల బేరానికి ముందే యజమాని తేల్చుకోవలసింది ఒకటుంది: తన పనిలో క్షణమైనా ఆగకూడనిది ఏది? దానికి ముందు దారి, తెగితే మరో తీగ, బ్యాటరీ ఏర్పరచి, తక్కినవాటిని వరసలో నిలబెట్టడమే తెలివి.