అది వరికొడవలి కాదు

సంపాదకులకు,

పాత పనిముట్ల వ్యాసంలో ‘అరుదైన వరికొడవలి’ అంటూ వేసిన బొమ్మ కల్లుగీత కత్తిది. అంచు చూడండి. మన వైపు వరికొడవలికి కమ్మరి కక్కు కొట్టి ఇస్తాడు; గుప్పెట పట్టిన దుబ్బును ఆ పళ్లే లాగి కోస్తాయి. అరిగితే మళ్లీ కక్కు కొట్టించాలి. గీతకత్తికి పళ్లుంటే పనికిరాదు. తాటిగెలను రోజూ పల్చటి పొరగా చెక్కాలి కదా, అంచు మంగలికత్తిలా నున్నగా ఉండాలి. గౌడన్నలు దాన్ని నూరి, ముస్తాదులో పెట్టుకుని చెట్టెక్కుతారు. వంపు చూసి పేరు పెడితే వేటకొడవలి కూడా వరి కోస్తుందనుకోవాలి! సికింద్రాబాద్‌లో పాత ఇనుము కొట్ల దగ్గర నేనైతే ముందు బొటనవేలితో అంచు తడుముతాను. వంపు సంగతి ఆ తర్వాత.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్