సాఫ్ట్‌వేరే కదా బావా, ఏం కాదు!

సంక్రాంతికి సూర్యాపేట వెళ్లినప్పుడు మా బావ ఒక మాట అడిగాడు. "బామ్మర్దీ, బండికి రీమ్యాప్ చేయిస్తే పికప్ మస్తు పెరుగుతదంట. చేయించాల్నా?"

నేను ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "సాఫ్ట్‌వేరే కదా బావా, ఏం కాదు" అన్నాను.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది నేనొక్కడినే. అందులోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక బావకు ఇంకో సలహా ఎందుకు? వారం తిరక్కుండా 15 వేలు పెట్టి పని కానిచ్చేశాడు. ఆ మాట ఖరీదు ఎంతో నాకు మే నెలలో, హుజూర్‌నగర్ దాటాక తెలిసింది.

బావది 2014 మోడల్ ఎర్టిగా డీజిల్. 1248 సీసీ ఇంజిన్, 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ ఇంజిన్ మీకు కొత్తేం కాదు. ఫియట్ వాళ్ల డిజైన్. స్విఫ్ట్, డిజైర్, సియాజ్, ఇండికా విస్టా... ఇన్ని బండ్లలో తిరిగింది కాబట్టే దీన్ని సరదాగా 'నేషనల్ ఇంజిన్' అన్నారు. స్విఫ్ట్‌లో ఇదే ఇంజిన్ 75 హార్స్‌పవర్ ఇస్తుంది, ఎర్టిగాలో 90. రీమ్యాప్ చేసేవాళ్లు ఎక్కువగా చూపించే లెక్క ఇదే: "ఇనుము అదే, తేడా అంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది." సగం నిజం. ఎర్టిగాలో టర్బో కూడా వేరు. లోపలి రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ గాలి ఒత్తిడిని సర్దే రకం అది. మిగతా సగం చెప్పకపోతే కస్టమర్ త్వరగా ఒప్పుకుంటాడు.

ఇంతకీ ఈ మ్యాప్ ఏంటి?

ఎక్సెల్ షీట్ తెలుసు కదా. అదే. కారులో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాని మెమరీలో ఇలాంటి షీట్లు వందల్లో ఉంటాయి. అడ్డంగా ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం. నిలువుగా మీరు పెడల్ ఎంత తొక్కారో, లేదా లోపలికి ఎంత గాలి వచ్చిందో. రెండూ కలిసే గడిలో ఒక అంకె ఉంటుంది. డీజిల్ ఎంత కొట్టాలి, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి అన్నవి ఆ అంకెలే చెబుతాయి.

ఇంజిన్ సరిగ్గా గడి మీదే ఉండదు కదా? 2000 ఆర్‌పీఎం గడిలో 30, 2500 గడిలో 36 ఉన్నాయనుకోండి. 2250 దగ్గర ఈసీయూ మధ్యలో లెక్క కట్టి 33 తీసుకుంటుంది. అందుకే ఒక్క గడిని ఇష్టమొచ్చినట్టు పెంచితే పక్క గడుల మధ్య నడక కూడా చెడిపోతుంది. బండి కుదుపు కొడుతుంది.

ఇంకో సంగతి. ఇవన్నీ వరుసగా కాపలా కాస్తుంటాయి. మీరు పెడల్ తొక్కగానే ఒక షీట్ "ఇంత టార్క్ కావాలట" అంటుంది. రెండో షీట్ "క్లచ్, గేర్‌బాక్స్ ఇంతకన్నా మోయలేవు" అంటుంది. మూడోది "వచ్చిన గాలికి ఇంత డీజిలే కాలుతుంది, ఎక్కువ కొడితే పొగ వస్తుంది" అంటుంది. అందరిలో ఎవరు తక్కువ చెబితే వాళ్ల మాటే చెల్లుతుంది. మూడో షీటును స్మోక్ మ్యాప్ అంటారు. ఈ కథలో విలన్ చేతిలో బలైపోయింది అదే.

పేర్లు లేని అంకెల అడవి

ఈసీయూలోంచి ఫైల్ బయటికి తీస్తే అందులో ఒక్క పేరు కూడా ఉండదు. అంతా అంకెలే. ఏ వరుస టర్బోదో, ఏది డీజిల్‌దో కంపెనీ దగ్గరుండే వివరాల ఫైల్‌కే తెలుసు. అది లేనివాళ్లు విన్‌ఓఎల్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కోవాలి. ఎక్కడైనా 1000, 1250, 1500 అని పెరుగుతూ పోయే వరుస కనిపిస్తే, అది ఆర్‌పీఎం కావచ్చు. దాని పక్కన అంకెలను గ్రాఫ్‌గా చూస్తే నున్నటి కొండలా ఉంటే, అది మ్యాప్ కావచ్చు. తర్వాత అంకెకు అర్థం కట్టాలి.

ఉదాహరణకు ఫైల్‌లో 08, 98 అని పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. హెక్సాడెసిమల్‌లో కలిపి చదివితే 2200. టర్బో ఒత్తిడి 2200 మిల్లీబార్లు అంటే నమ్మొచ్చు. బయటి గాలిదే సుమారు 1000 ఉంటుంది కాబట్టి, టర్బో అదనంగా ఇచ్చేది 1200. అవే రెండింటినీ తిరగేసి చదివితే 38,920 వస్తుంది. ఆ ఒత్తిడికి ఇంజిన్ ముక్కలైపోతుంది. కొన్ని చోట్ల అంకెను 0.01తో గుణిస్తేనే అసలు విలువ. ఏది ఏమిటో ఇలా తేల్చి, పేరు పెట్టి, కొలత రాయడమే మ్యాప్‌ను 'డిఫైన్' చేయడం. అసలు కష్టం ఇక్కడే ఉంది. అంకె మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ అంకె ఎందుకుందో తెలుసుకోవడానికి నెలలు పడుతుంది.

బావ బండి పని 40 నిమిషాల్లో అయిపోయింది. షాపు పేరు వద్దులెండి.

మొదట్లో బావ ఆనందం చూడాలి! జనవరి చలిలో, తెల్లవారుజామున, ఒక్కడే 65 నంబర్ హైవే ఎక్కి కోదాడ దాకా వెళ్లొచ్చాడు. "విమానం లెక్క పోతుంది" అని ఫోన్. గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ వస్తోందని అక్క అంటే, "పొగ వస్తుందంటే పవర్ ఉన్నట్టే" అని కొట్టిపారేశాడు. అక్కడే నేను ఆపాల్సింది. ఆపలేదు.

ఆ నాలుగు సెకన్లు

మేలో మిర్యాలగూడలో మా మేనమామ ఇంట్లో పెళ్లి. సూర్యాపేటలో బయల్దేరి, కోదాడలో అత్తమ్మను ఎక్కించుకుని, హుజూర్‌నగర్ మీదుగా వెళ్తున్నాం. బండిలో ఆరుగురం. ఏసీ ఫుల్లు. బయట 44 డిగ్రీలు. ఆ రోడ్డు హైవేలా కాదు. మధ్యలో డివైడర్ లేదు. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు.

ముందు సిమెంటు ట్యాంకర్ ఉంది. ఎదురుగా దూరంగా వడ్ల లారీ వస్తోంది. టైముందని బావ కుడికి తిప్పి పెడల్ అడుగుదాకా తొక్కాడు. సగం ట్యాంకర్ దాటాం. మీటర్‌లో పసుపు లైటు వెలిగింది. ఇంజిన్‌లో ఊపిరి ఆగినట్టు పవర్ పోయింది. తొక్కుతున్నా బండి కదలట్లేదు. ఎదురుగా లారీ హారన్.

బావ బ్రేకు కొట్టి ట్యాంకర్ వెనక్కి లాగాడు. లారీ మా అద్దం పక్కనుంచి వెళ్లిపోయింది. నాలుగు సెకన్లు ఉంటుందేమో. ఎవరూ మాట్లాడలేదు. వెనక సీట్లోంచి మా మేనకోడలు మాత్రం "నాన్నా, కారు పడుకుందా?" అని అడిగింది.

కారు నిజంగానే పడుకుంది. దాన్ని లింప్ మోడ్ అంటారు. ఏదో తేడాగా ఉందని ఈసీయూకు అనిపిస్తే, ఇంజిన్‌ను కాపాడడానికి పవర్ తగ్గించేస్తుంది. అది చేసింది తప్పేం కాదు. తప్పు దానికి చెప్పిన లెక్కలది.

పెళ్లింటికి చేరాక స్కానర్ పెట్టించి చూస్తే కోడ్ పీ0299. అంటే టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి ఇవ్వలేదు. మెకానిక్ టర్బో విప్పి చూపించాడు. లోపల రెక్కల మీద మసి గట్టిగా పట్టేసింది. నాలుగు నెలల పొగ అంతా అక్కడే ఉంది.

రెండు ఫైళ్లు, ఒక గుణకారం

షాపువాళ్లను బతిమాలితే పాత ఫైల్, కొత్త ఫైల్ వాట్సాప్‌లో పంపారు. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు చూశాను. ఆఫీసులో రోజూ చేసే పనే కదా.

ఏ గడిలో ఎంత కావాలో ఆలోచించిన జాడ లేదు. స్మోక్ మ్యాప్ మొత్తం సెలెక్ట్ చేసి 15 శాతం పెంచేశారు. టర్బో టార్గెట్ మొత్తం 10 శాతం పెంచేశారు. 2200 ఉన్న చోట 2420. అంతే.

ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.5 గ్రాముల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్‌లో గాలి, ఇంధనం అంతటా సమానంగా కలవవు కాబట్టి కంపెనీ అంతకన్నా ఎక్కువ గాలి ఉండేలా చూస్తుంది. మనవాళ్లు డీజిల్ 15 పెంచి, గాలి 10 పెంచమన్నారు. పైగా 1500 ఆర్‌పీఎం లోపు టర్బో ఇంకా నిద్ర లేవదు. అక్కడ గాలి పెరగనే పెరగదు, డీజిల్ మాత్రం పెరిగింది. కాలని డీజిల్ పొగైంది, పొగ మసైంది, మసి రెక్కలను పట్టేసింది.

దానికి ఎండ తోడైంది. వేడెక్కితే గాలి పలచబడుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి అదే చోటులో సుమారు 8 శాతం తక్కువ పడుతుంది. జనవరి తెల్లవారుజామున ఖాళీ బండితో బాగున్న అంకె, మే మధ్యాహ్నం ఆరుగురితో బాగుండాలని లేదు. కంపెనీ వదిలిన ఆ 'ఖాళీ' వేస్ట్ కాదు. అది మన ఎండ కోసం, మన బరువు కోసం, పాతబడే టర్బో కోసం వదిలిన జాగా.

మామ రైస్ మిల్లులో ఆపరేటర్. పెళ్లి హడావుడి తగ్గాక ఇదంతా చెప్తే నవ్వాడు. "మా దగ్గర రబ్బర్ రోలర్లు ఉంటయి గద అల్లుడా. వడ్ల తేమ చూడాలె, రకం చూడాలె, అప్పుడు గ్యాప్ సర్దాలె. తొందరగా ఆడాలని అన్నింటికీ బిగించినవనుకో, బియ్యం రాదు, నూక వస్తది."

నేను రెండు పేజీల్లో చెప్పింది మామ రెండు మాటల్లో తేల్చేశాడు.

మరి అసలు ముట్టుకోవద్దా?

అలా అనను. సరిగ్గా చేసేవాళ్లున్నారు. వాళ్ల పద్ధతి వేరు. ముందు బండి ఆరోగ్యం చూస్తారు. ఒరిజినల్ ఫైల్ దాచి మీకూ ఇస్తారు. డైనో మీద బండి నడిపి, అడిగిన ఒత్తిడెంత, వచ్చిన ఒత్తిడెంత అని రికార్డు చేస్తారు. ఒక షీట్ కొంచెం మార్చి మళ్లీ కొలుస్తారు. క్లచ్ ఎంత మోస్తుందో అడిగాకే టార్క్ పెంచుతారు. "పొగ వస్తే పవర్" అనరు. ఇవేవీ లేకుండా "అన్నా, గంటలో అయిపోద్ది" అన్నారంటే అక్కడినుంచి వచ్చేయండి.

టర్బో పెట్రోల్ బండ్లున్న తమ్ముళ్లూ, మీకు ఇంకో గండం ఉంది. నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలో చెప్పే షీట్‌ను ముందుకు జరిపితే, ఇంధనం వేళ కాకుండా పేలి పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. నాకింగ్ అంటారు. మంచి పెట్రోల్‌కు సరిపోయిన అంకె, దారిలో దొరికిన పెట్రోల్‌కు సరిపోకపోవచ్చు.

చట్టం సంగతీ గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం, అనుమతి లేని విధంగా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చెప్పకుండా చేసిన మార్పు బీమా క్లెయిమ్ దగ్గర మెడకు చుట్టుకోవచ్చు.

ఈ అంకెలతో ఆడింది చిన్న షాపులే కాదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ప్రపంచమంతా కలిపి సుమారు కోటి పది లక్షల బండ్లు. అక్కడా 'సాఫ్ట్‌వేరే'. కానీ ఆ గాలి పీల్చింది మనుషులు.

మా వృత్తిలో తప్పు జరిగితే పాత వెర్షన్ వేసేస్తాం. కస్టమర్‌కు సారీ మెయిల్ పెడతాం. ఆ అలవాటుతోనే నేను బావకు తల ఎత్తకుండా జవాబిచ్చాను. వడ్ల లారీ ముందు పాత వెర్షన్ వేసుకునే టైముండదు.

టర్బో శుభ్రం చేయించాం. ఒరిజినల్ ఫైల్ మళ్లీ ఎక్కించాం. బండి ఇప్పుడు విమానంలా పోవట్లేదు, ఎర్టిగాలా పోతోంది. అక్క ఆ తర్వాత రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. న్యాయమే.

మొన్న సూర్యాపేటలో చాయ్ తాగుతుంటే బావ దోస్త్ ఒకాయన వచ్చి అదే ప్రశ్న అడిగాడు. "తమ్మీ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, రీమ్యాప్ చేయించాల్నా?"

ఈసారి ఫోన్ పక్కన పెట్టాను. "అన్నా, మీ బండిలో వెనక సీట్లో ఎవరు కూర్చుంటరు?" అని అడిగాను.