ఎముకల మందులు: సూదికి ముందే చెప్పవలసిన సంగతులు

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా గారికి,

ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌కు వాడే మందులపై జనంలో ఉన్న భయం ఎక్కువగా అరుదైన దుష్ఫలితాల చుట్టూనే తిరుగుతున్నది. అలెండ్రోనేట్ వంటి బిస్‌ఫాస్ఫోనేట్లను, అనగా ఎముకను కరిగించే కణాలను అణచే మందులను, ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి తొడ ఎముక అసాధారణంగా విరగడం, పన్ను పీకించుకున్నాక దవడ ఎముక మానకపోవడం నిజమే అయినా, ఇదివరకే వెన్నుపూస విరిగిన వృద్ధురాలి విషయంలో ఆ మందు ఆపగల ఫ్రాక్చర్లు అది తెచ్చిపెట్టే వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

అసలు ఆందోళన డెనోసుమాబ్ గురించినది. ఇదే జబ్బుకు ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే ఈ సూదిమందును, ఖర్చు భరించలేకనో మరచిపోయో, మధ్యలో మానివేస్తే, పెరిగిన ఎముక సాంద్రత త్వరగా పడిపోయి పలు వెన్నుపూసలు ఒక్కసారిగా నలిగిపోవచ్చు. కనుక దానిని మానేవారికి వెంటనే మరొక మందు మొదలుపెట్టవలసి ఉంటుంది. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలిసిస్ రోగులలో, ఇది రక్తంలోని కాల్షియంను ప్రమాదకరంగా తగ్గించగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 జనవరిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జారీ చేసింది; ఆ వ్యాధి ఊళ్లకు ఊళ్లనే పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి ఈ హెచ్చరిక నేరుగా వర్తిస్తుంది.

ఈ రెండు సంగతులను కంటికి ఆనని అక్షరాల ఇంగ్లీషు కరపత్రానికి వదిలివేయక, తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో అచ్చువేయించి, మొదటి సూదికి ముందే రోగి చేతికి అందేలా ఉత్తర్వులివ్వాలని మనవి.