కరువులో పెరటి తోటకు ఏ నీళ్ళు?

2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. తాగునీటితో తోట తడిపినా, కారు కడిగినా 5,000 రూపాయల జరిమానా. అప్పటికే నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి, జనం ట్యాంకర్ల కోసం కాచుకుని ఉన్నారు. ఈ నిషేధం సమంజసమేనా అని మెయిన్స్‌లో అడిగితే మనలో చాలామందిమి "అవును, అయితే" అని మొదలుపెట్టి అవగాహన సదస్సులతో ముగిస్తాం. నా అభిప్రాయంలో నిషేధం సరైనదే, కానీ సగమే. అది తాగునీరా కాదా అన్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఆ నీటిని అంతకుముందు ఒకసారి వాడామా లేదా అని అడగాలి. కరువు రోజుల్లో పెరటి తోటకు వాడేసిన నీళ్ళే పోయాలి, సొంత బోరు ఉన్నా సరే.

ముందు లెక్క చూడండి. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు ఎత్తు నీరంటే సరిగ్గా 1 లీటరు. వెయ్యి చదరపు అడుగుల లాన్ అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఎండాకాలంలో దానికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే 465 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రమాణం. అంటే ముగ్గురికి సరిపడే నీరు దాటిపోయింది. జల్ జీవన్ మిషన్ గ్రామాలకు పెట్టుకున్న 55 లీటర్లతో కొలిస్తే ఎనిమిది మంది వాటా. అదీ గడ్డికి! అదే పెరట్లో కొన్నేళ్ళుగా పాతుకున్న కరివేపాకు, జామ చెట్లు రోజూ నీళ్ళడగవు. ఉత్తర్వు దృష్టిలో మాత్రం రెండూ తోటలే.

"నా స్థలం, నా బోరు" అనే వాదన బలమైనదే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన నేల కింది నీటిని తోడుకునే హక్కు యజమానిది. కానీ భూగర్భజలానికి ప్రహరీ గోడలుండవు. మీ మోటారు ఎక్కువసేపు ఆడితే పక్కింటి బోరులో మట్టం దిగుతుంది. ఈ విషయంలో మన వాల్టా చట్టం (2002) పేరే నాకు నచ్చుతుంది: నీరు, భూమి, చెట్టు మూడింటినీ ఒకే చోట కట్టింది. అమలు సంగతి వేరే వ్యాసం.

ఇంకో అభ్యంతరం: దేశంలో తోడే భూగర్భజలంలో ఎక్కువ భాగం సేద్యానికే పోతుంటే, నాలుగు కుండీల మీద పడటం ఎందుకు? నిజమే, పెరటి పొదుపుతో దేశం గట్టెక్కదు. కానీ ఎక్కడో పొలంలో మిగిలిన నీరు మీ వీధి కుళాయిలోకి రాదు. బెంగళూరుకు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల నుంచి, ఎత్తుకు పంపు చేస్తే వస్తుంది. అంత కరెంటు ఖర్చుతో వచ్చిన నీటిని గడ్డి మీద చల్లడాన్ని ఏ వాదనతోనూ సమర్థించలేం.

మరి మొక్క బతికేదెలా? బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు నేరుగా పోయొచ్చు. బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు చెట్ల పాదులకు పర్వాలేదు, ఆకుకూరలకు వద్దు. ఆర్‌వో యంత్రం వదిలేసే నీటితో మాత్రం జాగ్రత్త. అందులో లవణాలు ఎక్కువ, ఒకే కుండీకి రోజూ పోస్తే మట్టి పాడవుతుంది. పాదులో ఎండుటాకులు మందంగా పరిస్తే ఆవిరయ్యేది తగ్గుతుంది. అన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది మట్టికుండ పద్ధతి. మొక్క పక్కన మెడ వరకు కుండను పాతి, నీళ్ళు నింపి మూత పెట్టాలి. చుట్టూ మట్టి పొడిబారేకొద్దీ కుండ గోడలోంచి తడి దానంతటదే బయటికి ఊరుతుంది, తడిగా ఉన్నంతసేపు ఊరడం నెమ్మదిస్తుంది. వాల్వు లేదు, సెన్సారు లేదు. కుండలో సబ్బునీళ్ళు మాత్రం పోయకండి, రంధ్రాలు పూడుకుపోతాయి.

ఇక విధానం. రాజ్యాంగం 12వ షెడ్యూలులో నీటి సరఫరా 5వ అంశం, పార్కులు, తోటలు 12వ అంశం. రెండూ పురపాలికల బాధ్యతలే. కాబట్టి ఇంటి ప్లాను ఆమోదించేటప్పుడు ఇంకుడు గుంతతో పాటు మరో షరతు పెట్టొచ్చు: స్నానాల గది నీరు మరుగుదొడ్డి నీటితో కలవకుండా వేరే గొట్టంలో పెరటి వైపు రావాలి. కట్టేటప్పుడైతే ఒక్క గొట్టం ఖర్చు, కట్టాక అయితే గోడలు పగలగొట్టాలి. పాత ఇళ్ళకూ, అద్దె గదుల్లో ఉండి చదువుకునే మనలాంటివాళ్ళకూ ప్రస్తుతానికి సింకు కింద ఒక బకెట్ చాలు.