పొగ పీల్చినవారి పొత్తు

దూరదేశమున యుద్ధభూమిలో నున్న సైనికునకు బాసటగా నిలువదలచినవాడు ఎక్కడికి పోవలయును? మనలోనైనచో గుడికి పోయి అర్చన చేయించును. కచ్చేరికి పోయి చందా చెల్లించును. లేదా నాలుగు వీథుల కూడలిలో సభ చేసి తీర్మానము నెగ్గించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొందరు కారెక్కి, రహదారి పట్టి, ఊరూర ఫైరుస్టేషను తలుపు తట్టుదురు. 2001 తరువాత ఆఫ్ఘనిస్తానమునకును, 2003 తరువాత ఇరాకునకును ఆ దేశపు సేనలు తరలిపోయిన ఏండ్లలో ఇట్టి యాత్రలు చేసినవారు కలరు. దారిలోని స్టేషనులలో ఆగి, సైనికులకు పంపవలసిన సబ్బులు, మేజోళ్లు, కాఫీపొడి, ఉత్తరములు పెట్టెలలో సర్దించుట. భుజముపై కుట్టుకొను గుడ్డగుర్తులను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుట. ఫైరింజను ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని మరల బయలుదేరుట. ఇంతియే ఆ యాత్రావిధానము.

ఇందేమున్నది, సంపన్నుల దేశమున సెలవుదినముల కాలక్షేపమునకు దేశభక్తి యని పేరు పెట్టుకొనిరి గదా యని మాకును తొలుత తోచినది. కాని వారు పోయిన చోటు ఎట్టిదో విచారించిన పిదప మా తొందరపాటును సవరించుకొనవలసివచ్చినది. వారు మంత్రుల మందిరములకు పోలేదు. వర్తకసంఘముల విందులకు పోలేదు. ఊరిలో నిప్పంటుకొన్ననాడు అందరును బయటికి పరుగెత్తుచుండగా లోపలికి పరుగెత్తు మనుష్యులు కాపురముండు చోటికి పోయిరి. ఆ ఎంపికలో వివేకము కలదు.

అమెరికాలో ఫైరుస్టేషను మన పట్టణములలోవలె కేవలము సర్కారు కొట్టము కాదు. 1736 డిసెంబరు 7వ తేదీన ఫిలడెల్ఫియాలో బెంజమిను ఫ్రాంక్లిను ముప్పదిమందిని కూర్చి యూనియన్ ఫైర్ కంపెనీ యను సంఘమును స్థాపించినప్పుడు, సభ్యులు తమ సొంత సొమ్ముతో తోలుబాల్చీలను, సామాను మోసుకొనివచ్చుటకు గోతములను సిద్ధముగా నుంచుకొనవలయునని నియమము చేసికొనిరి. ఆ నియమపు ఛాయ నేటికిని పోలేదు. 2020 నాటి లెక్కలలో ఆ దేశమున పది లక్షలకు మించి అగ్నిమాపకులుండగా, వారిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు వృత్తిగా గాక స్వచ్ఛందముగా పనిచేయువారు. పల్లెలలో మోటారు బాగుచేయువాడు, అంగడివాడు, పంతులు తమ తమ పనులు చేసికొనుచుందురు. గంట మ్రోగినంతనే చేతిలోని పని విడిచి పరుగెత్తుదురు. క్రొత్త ఇంజను కొనవలసివచ్చినచో ఆదివారము ప్రొద్దుట స్టేషనులోనే అట్లు పోసి ఊరివారికి పెట్టి, ఆ సొమ్ము కూడబెట్టుదురు. అచ్చటి వంటయింటి బల్ల ఊరి రచ్చబండ వంటిదన్నమాట. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు బడివారి వెంట పోయి ఆ ఎర్రని బండి నెక్కి దిగివచ్చినవారే. తల్లిదండ్రులు మాత్రము ఆ బల్లకడ కూర్చుండినవారు అరుదు.

సైనికునకును ఆ బల్లకును గల చుట్టరికము మరియొకటి కలదు. అమెరికాలో నిర్బంధ సైన్యసేవ 1973లో ఆగిపోయినది. అప్పటినుండి యుద్ధభారము తమంత తాముగా చేరిన కొలదిమందిపై పడుచున్నది. నేషనల్ గార్డు అను దళమువారు సామాన్యముగా నెలకు ఒక వారాంతము, ఏడాదికి రెండు వారములు కవాతు చేసి, తక్కిన దినములలో తమ తమ వృత్తులలో నుందురు. ఇట్టివారిలో అగ్నిమాపకులు మెండు. ఇరాకు యుద్ధమున వీరిని నెలలకొలది దూరమునకు పంపిరి. తిరిగి వచ్చినవానికి వాని పూర్వపు కొలువు ఇచ్చి తీరవలయునని 1994లో చట్టము చేసిరి గాని, వాడు లేని దినములలో నిచ్చెన పట్టువాడు తక్కువైనాడన్న మాట చట్టమువలన మారునా? న్యూయార్కులో జంటభవనములు కూలినచోట పాటుపడిన అగ్నిమాపకుడొకడు గార్డు సైనికుడై ఇరాకునకు పోయి, 2004 నవంబరులో అచ్చటనే అసువులు బాసెను. వాని స్టేషనుకు పోయి సైనికుని గూర్చి మాటలాడువాడు పరాయివాని గూర్చి మాటలాడుటలేదు.

ఈ రెండు కొలువులకును నడుమ గీచిన గీత ఎంత సన్ననిదో 1941 డిసెంబరు 7వ తేదీన హొనొలూలులో తేలిపోయినది. పెర్ల్ హార్బరుపై జపాను విమానములు విరుచుకుపడిన ఆ ఉదయమున ప్రక్కనే యున్న హికమ్ విమానస్థావరము మంటలపాలైనది. స్థావరమునకు సొంత ఫైరుస్టేషను కలదు. బాంబు దానిపైననే పడెను. నగరపు అగ్నిదళమువారికి పిలుపు వచ్చినది. వారు సైనికులు కారు, ఆయుధములు లేవు, ఆ ఉదయమువరకు యుద్ధమే లేదు. ఐనను బండ్లు తోలుకొని లోపలికి పోయిరి. పోయి చూడగా నీటిగొట్టము పగిలియుండెను. అంతలో రెండవ దండు విమానములు వచ్చి బాంబులను, తుపాకిగుండ్లను కురిపించినవి. ముగ్గురు మరణించిరి, ఆరుగురు గాయపడిరి. యుద్ధమున గాయపడిన సైనికులకిచ్చు పర్పుల్ హార్టు పతకమును గాయపడిన ఆరుగురికి 1944లో ఇచ్చిరి. మరణించిన ముగ్గురి పేర ఇచ్చినది ఎప్పుడు? 1984లో. నలువదిమూడేండ్ల కాలము! గాయపడినవాడు ఎదుట నిలిచి అడుగగలడు. చచ్చినవాడు అడుగలేడు గదా.

ఇక ఈ యాత్రలలోని చిక్కును గూర్చి చెప్పవలయును. ఆ దేశమున కార్ల వెనుక పసుపుపచ్చని రిబ్బను గుర్తులంటించి, సైనికులను బలపరుపుడని వ్రాసికొను ఆచారము బహుళముగా వ్యాపించినది. దీనికొక కారణము కలదు. వియత్నాము యుద్ధమును ద్వేషించినవారిలో కొందరు అందుండి తిరిగివచ్చిన సైనికుని మొగమును గూడ చూడనొల్లరైరి. ఆ తప్పును మరల చేయరాదని తరువాతి తరమువారు పూనిరి. మంచిదే. కాని 2003లో ఆ పూనికనే పాలకులు తమకు కవచము చేసికొనిరి. ఇరాకులో సర్వనాశక ఆయుధములున్నవని చెప్పి యుద్ధము ప్రారంభించిరి. వెదకగా అట్టి నిల్వలు కానరాలేదు. ఈ యుద్ధమేల యని అడిగినవారిని, సైనికులకు ద్రోహము చేయుచున్నారని నోరు మూయించిరి. సైనికునిపై ప్రేమ వేరు, సైనికుని పంపినవారిపై నమ్మకము వేరు. ఈ రెంటిని ఒక్క ముడిగా వేసినవారికి ఆ ముడివలన లాభము కలదు, సైనికునకు లేదు.

లేదనుటకు దృష్టాంతము దూరము పోయి వెదకనక్కరలేదు. 2004 డిసెంబరు 8న కువైటులో రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డు సైనికుల సభలో మాటలాడుచుండగా, టెనెస్సీ రాష్ట్రపు నేషనల్ గార్డు సైనికుడొకడు లేచి, మా బండ్లకు కవచముగా బిగించుటకు చెత్తదిబ్బలలో ఇనుపముక్కలు ఏరుకొనవలసివచ్చుచున్నదేమని నిలదీసెను. సభలోని సైనికులు చప్పట్లు కొట్టిరి. మంత్రి, ఉన్న సైన్యముతోనే యుద్ధమునకు పోవలయును గాని కోరుకొన్న సైన్యముతో గాదని బదులు చెప్పెను. ఆ దినములలో తల్లిదండ్రులు తమ సొమ్ముతో రొమ్ముకవచములు కొని కొడుకులకు పంపిరి. ఆ సొమ్మును 1,100 డాలర్లవరకు తిరిగి ఇప్పించుటకు శాసనమే చేయవలసివచ్చినది. ప్రపంచములో దేనికిని లేనంత సైనికవ్యయము గల దేశమున తండ్రి కొన్న కవచము! అట్టివేళ సబ్బులు, మేజోళ్లు సర్దిన పెట్టె ప్రేమకు గుర్తే. కాని అదే పెట్టె సర్కారు చేయవలసిన పనికి ముసుగు గూడ కాగలదు. 2007లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి వసతులలో బూజు పట్టిన గోడల నడుమ, ఎలుకల నడుమ గాయపడిన సైనికులు పడియున్నారని పత్రికలు బయటపెట్టినప్పుడు ఆ ముసుగు కొంత తొలగినది.

అయినను ఫైరుస్టేషనుకు పోయినవారిని మేము మెచ్చుకొనుచున్నామనగా, దానికి కారణము పొగ.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు అగ్నిదళమువారు 343 మంది మరణించిరి. మిగిలినవారు నెలలతరబడి ఆ శిథిలములలో తోటివారి దేహములకై త్రవ్విరి. గాలి పీల్చుటకు హాని లేదని అధికారులు ప్రకటించియుండిరి. పిమ్మట దగ్గు, పిదప ఊపిరితిత్తుల జబ్బు, ఆ పిదప పుట్టకురుపు. 2024 నాటికి, ఆనాడు మరణించిన అగ్నిమాపకులకంటె ఆ జబ్బులవలన మరణించినవారే ఎక్కువైరి. వీరి వైద్యమునకై చేసిన చట్టముపై 2011 జనవరిలో సంతకమైనది గాని, ఐదేండ్ల గడువు పెట్టి చేసిరి. దానిని నిలుపుకొనుటకు 2015లో మరల పోరాటము. రే ఫైఫరు అను అగ్నిమాపకుడు, పుట్టకురుపు దేహమును తినివేయుచుండగా, చక్రముల కుర్చీలో న్యూయార్కు నుండి వాషింగ్టనుకు పలుమారులు ప్రయాణము చేసి శాసనసభ్యుల గదుల ముందు కూర్చుండెను. రోడ్డుయాత్ర యనిన అదియొక రోడ్డుయాత్ర! ఆయన 2017లో గతించెను; 2019లో పరిహారనిధిని శాశ్వతము చేసిన చట్టమునకు పెట్టిన పేర్లలో ఆయన పేరును ఒకటి.

ఇదే కాలమున ఇరాకులోని బలదు స్థావరమున పది ఎకరముల గోతిలో ప్లాస్టికును, బ్యాటరీలను, ఆసుపత్రి చెత్తను విమానపు ఇంధనము పోసి రేయింబవళ్లు తగులబెట్టుచుండిరి. ఇట్టి గోతులు మరి పెక్కు స్థావరములలో నుండెను. సైనికులు ఆ పొగలో తినిరి, నిద్రించిరి. ఇండ్లకు చేరిన పిదప వారికిని అవే జబ్బులు. జబ్బునకు పొగయే కారణమని రుజువు చేయుమని ప్రభుత్వపు శాఖవారు అడుగుట, చేయలేక వారి అర్జీలలో అధికభాగము త్రోసివేయబడుట. ఒహాయో నేషనల్ గార్డుకు చెందిన సార్జెంటు హీత్ రాబిన్సను ఊపిరితిత్తుల పుట్టకురుపుతో 2020లో మరణించెను.

ఈ సైనికుల పక్షమున ముందుకు వచ్చినదెవరు? న్యూయార్కు శిథిలములకై పోరాడి గెలిచినవారే. ఆ శిథిలములలో ఉక్కుదూలము పడి పాదములో సగము పోగొట్టుకొన్న జాన్ ఫీల్, హాస్యనటుడు జాన్ స్టీవర్టు తమ పాత బాటనే మరల పట్టిరి. ఏ గది తలుపు తట్టవలయునో, ఏ సభ్యుడు ఎన్ని దినములు తప్పించుకొనునో వారికి తెలియును. 2022 జూలై 27న సెనేటులో బిల్లు 55కు 42 వోట్లతో చిక్కుపడినది. గడచుటకు 60 కావలయును. మాజీ సైనికులు ఇండ్లకు పోలేదు. సభాభవనపు మెట్లమీదనే పగలును రాత్రియు కూర్చుండిరి. ఆగస్టు 2న అదే సెనేటు 86కు 11 వోట్లతో ఆమోదించినది. రాబిన్సను పేరుతో ఆ చట్టము వెలసినది. ఇరువదికి మించిన జబ్బుల విషయమున, పొగయే కారణమని రుజువు తెమ్మను నిర్బంధము సైనికునకు తొలగినది. పెట్టెలు వేయి పంపినను ఇంతటి మేలు జరిగియుండదు. ఐనను పెట్టెలు పంపినవారి నడుమనుండియే ఈ పట్టుదల పుట్టినదని గూడ మరువరాదు. ఆ బల్లకడ కాఫీ త్రాగుచు ఒకని దగ్గును మరియొకడు వినకుండిన, వాషింగ్టనుకు పయనమెట్లు కలుగును?

మన దేశమునను డిసెంబరు 7వ తేదీకి ఒక విశేషము కలదు. 1949 నుండి ఆ దినము సాయుధదళముల జెండాదినము. తేదీల కలయికలో అర్థము వెదకుట జ్యోతిష్కులకు విడిచెదము. బడిపిల్లలు డబ్బాలు పట్టుకొని వత్తురు. మనము చిల్లర వేసి, మూడురంగుల చిన్నజెండాను చొక్కాకు గుచ్చుకొందుము. సాయంకాలమునకు అది రాలిపోవును. ఆ చిల్లర మాజీ సైనికుల కుటుంబములకు చేరునదే, వలదనము. కాని ఇదే దేశమున, అంగవైకల్యపు పింఛను విషయమున ట్రిబ్యునలులో గెలిచిన సైనికులపై కేంద్రప్రభుత్వమే సుప్రీంకోర్టుకెక్కినది. 2014 డిసెంబరులో ఆ న్యాయస్థానము అట్టి అప్పీళ్లను వందలకొలది ఒక్కమారుగా కొట్టివేసెను. ఆ మధ్యకాలములో ఆ సైనికులు వకీళ్ల ఫీజులకు ఏమి అమ్ముకొనిరో ఏ నివేదికలోను లేదు. ఒక చేతితో డబ్బా చాపి, మరియొక చేతితో వ్యాజ్యము వేయు సర్కారునకు ఈ వైరుధ్యము తోచుటలేదు, తోపించువారును లేరు. మనకు ఫైరుస్టేషను బల్లవంటి బల్ల లేకపోవుట యందుకొక కారణము కావచ్చును.

రానున్న జెండాదినమున డబ్బాలో చిల్లర వేయువారు, దానితోపాటు తమ నియోజకవర్గపు పార్లమెంటు సభ్యునకు ఒక కార్డు వ్రాసి, గాయపడిన సైనికుల పింఛనుపై ప్రభుత్వము నడపుచున్న అప్పీళ్లు నేటికెన్ని యని అడుగవలయునని మా కోరిక. జవాబు వచ్చినచో మాకు పంపుడు, ప్రకటించెదము.