సీసాల లెక్క పక్కా, తాగేటోని లెక్క ఏది?

పొద్దున తొమ్మిదింటికి ఏ పీహెచ్‌సీ వరండాలోనైనా ఓ గంట కూచోండి. కడుపులో మంట అని ఒకాయన వస్తాడు. నిద్ర పడతలేదని మరొకాయన. గోలీలు మింగుతున్నా బీపీ దిగడం లేదని ఇంకొకాయన. రాత్రి బండి మీంచి పడ్డ పిలగాడొకడు. గ్యాస్ గోలీ, నిద్ర గోలీ, బీపీ గోలీ, కట్టు. చీటీ రాయడం అయిపోయింది. ఎంత తాగుతున్నావని అడిగేదెవరు? అడిగినా అది తిట్టే. "తాగుడు బంద్ చెయ్, లేకుంటే సస్తవ్." ఆ మాట ఆయన పెండ్లాం రోజూ అంటున్నదే. దానికి ఎంబీబీఎస్ దేనికి?

సర్కారుకు సీసాల లెక్క మాత్రం పక్కాగా తెలుసు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాపసు ఇవ్వని దరఖాస్తు రుసుము కిందనే 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరింది, ఒక్క సీసా అమ్ముడుపోకముందే! మరి చికిత్స సంగతి? దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక సాయం అందింది ఒక్కరికేనని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది. మిగతా 37 మంది దవాఖాన మెట్లు ఎక్కక కాదు. గ్యాస్ గోలీ కోసం ఎక్కుతూనే ఉన్నారు.

అసలు అడగడం లేదనీ అనలేం. 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ సర్వేకు ఆశా వర్కర్ తెచ్చే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: రోజూ మద్యం తాగుతారా? అవునంటే ఒక మార్కు. ఆ మార్కు బీపీ, షుగర్ ముప్పు లెక్కలో కలిసిపోతుంది. పైగా ప్రశ్నలోనే లోపం ఉంది. శనివారం కూలి పైసలు చేతిలో పడితే ఆదివారం రాత్రి దాకా తాగేవాడు "రోజూ కాదు" అంటాడు. అబద్ధం కాదు కదా! వారాంతపు పార్టీలో హాఫ్ బాటిల్ దించే ఉద్యోగీ అదే అంటాడు, హాస్టల్ పిలగాడూ అదే అంటాడు. ఇక కల్లు. "మందు ముట్టనమ్మా, పొద్దుమాపు కల్లే" అంటాడు పెద్దమనిషి. మన దగ్గర కల్లు మందు లెక్కలోకి రాదు. ఫారం తయారుచేసినవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఎన్ని రోజులకోసారి, తాగిన రోజు ఎంత, ఒక్కసారే మోతాదు మించేది ఎన్నిమార్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన 'ఆడిట్' పది ప్రశ్నల్లో మొదటి మూడూ ఇవే. రెండు నిమిషాల పని. అయితే అది వరండాలో, పదిమంది వింటుండగా అడిగేది కాదు.

సైకియాట్రిస్టులు లేరన్నది పాత సాకు. గోవాలో వైద్యులు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూచోబెట్టారు. హాని చేసే స్థాయిలో తాగే 377 మంది మగవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో నాలుగు సార్ల దాకా మాట్లాడారు, రెండో గుంపుకు మామూలు వైద్యమే ఇచ్చారు. మూడు నెలలకు ఆ స్థాయి నుంచి బయటపడ్డవాళ్లు మామూలు వైద్యంలో 26 శాతం, మాట్లాడిన గుంపులో 36 శాతం. 2017లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. అద్భుతమేం కాదు. వందకు పది ఇండ్లు. ఆ పదీ ఎంతో ఆ ఇండ్ల ఆడవాళ్లను అడగాలి.

మానాలనే కోరిక లేదని మాత్రం అనొద్దు. ఏటా అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టని మనుషులను మేం ప్రతి ఊళ్లో చూస్తున్నాం. కానీ పూర్తిగా బానిసైన మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజులకు మతి తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానలు ఇలాగే నిండాయి. కల్లులో కలిపిన నిద్రమందు ఆగడమే కారణం. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దొరకక ఎర్రగడ్డకు క్యూ కట్టారు. రెండుసార్లూ సరుకు ఆగింది, వైద్యం మాత్రం ఊరికి రాలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేసేదల్లా గ్లూకోజ్ ఎక్కించడం. తాగి తాగి తిండి మానేసిన ఒంటికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. థయామిన్ చవక విటమిన్.

కాబట్టి మేం అడిగేది కొత్త భవనం కాదు. ఆశా ఫారంలో 'రోజూ' తీసేసి ఆ మూడు ప్రశ్నలు పెట్టండి, కల్లు పేరు రాసి మరీ అడగండి. ప్రతి పీహెచ్‌సీలో మాట్లాడేందుకు ఒక మనిషిని, తలుపున్న ఒక గదిని ఇవ్వండి. వణుకును ఆపే మందులు, థయామిన్, తాగాలనే యావను తగ్గించే గోలీలు అందుబాటులో పెట్టండి, ఎవరిని జిల్లా దవాఖానకు పంపాలో డాక్టర్‌కు నేర్పండి. బీపీ పేషెంటును నెలకోసారి రమ్మన్నట్టే ఇతన్నీ రమ్మనండి. మధ్యలో మళ్లీ తాగి వచ్చినా సరే, చీటీ రాయండి.