మన గుట్టను మనమే గీసుకోవాలి

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన పిల్లల్ని బొమ్మ గీయమంటే ఏం గీస్తారు? రెండు ముక్కోణపు కొండలు, మధ్యలో సూర్యుడు, నిండుగా పారే ఏరు, పక్కన కొబ్బరిచెట్టు. పావగడలో పుట్టినోళ్ళు అట్లాంటి ఏరు ఎన్నిసార్లు చూశారు? మనది బండలు పేర్చినట్టుండే గుట్ట. దానిమీద పాళెగాళ్ళ కాలం నాటి కోట. కింద చెరువు కట్ట, శెనక్కాయ చేలు. అన్నీ మనుషుల చేతులు పడిన నేలే.

లక్ష్మా గౌడ్ గారు 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. బరోడాలో చదివారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. అంత చదివీ ఆయన కలం తిరిగింది పల్లె మనుషుల చుట్టూ, మేకల చుట్టూ, చెట్ల చుట్టూనే. మన నేలా అట్లా చూడదగిందే.

ఇప్పుడే ఎందుకంటే, మన నేల రూపు కళ్ళముందే మారిపోయింది. తిరుమణి చుట్టూ ఐదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018లో మొదలై 2019 ఆఖరుకి పూర్తయింది. భూములు కొనలేదు, ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. వానను నమ్ముకుని నష్టపోయిన రైతుకు అది ఆసరాయే, కాదనను. కానీ గడువు తీరి భూమి మన మనవళ్ళ చేతికొచ్చిన నాడు గట్టు ఎక్కడుండేదో సర్వే పటం చెబుతుంది. గట్టు మీది వేపచెట్టు, బండ్ల బాట, సద్దిమూట విప్పుకున్న నీడ ఏ పటంలో ఉంటాయి? సెంటు భూమి లేక, ఆ చేలల్లో కూలి చేసుకుని బతికినోళ్ళు ఏ పటంలో ఉంటారు?

ఫోటోలున్నాయి కదా అంటారు. లేనిదాన్ని ఫోటో తీయలేం. గుర్తున్నదాన్ని గీయగలం. అది గీయాలంటే పిల్లోడు పక్కన కూర్చుని "తాతా, ఇక్కడ ముందు ఏముండేది?" అని అడగాల. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు బొమ్మ రెండింటికీ సరిపోయే భాష.

అందుకే నా మాట ఇది. ఈసారి సంఘం బొమ్మల పోటీ పెడితే "ప్రకృతి దృశ్యం" అని అంశం ఇవ్వొద్దు. "మా చేను, మా చెరువు, మా గుట్ట" అని ఇద్దాం. ప్రతి పిల్లోడూ ఒక పెద్దాయన్నో, అవ్వనో అడిగి గీయాలని నియమం పెడదాం. సోలార్ పలకలు కూడా గీయనీండి, దాచొద్దు. ప్రైజు వచ్చినవే కాదు, అన్ని బొమ్మలూ ఊరిపేరు, చేను పేరు రాసి సంఘంలో భద్రం చేద్దాం.

చేలకు పేర్లు తెలిసినోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మీరేమంటారో చెప్పండి.